గది ఎవరిదని అడిగితే

గార్డెన్ రీచ్, కలకత్తా
20 జూన్ 2004

తమ్ముడు కూర్మయ్యకు,

నీ తోడబుట్టిన అప్ప దాలమ్మ దీవెనలు. నువ్వూ, అప్పాయమ్మా, చంటిదీ సుఖంగా ఉన్నారనుకుంటాను. నేనూ నీ మేనకోడలు సుందరీ బాగానే ఉన్నాం. మీ దీవికి ఫోను తీగ ఎప్పుడు వేస్తారో గానీ, ప్రతి ముక్కా ఉత్తరంలో కూరి పంపాలంటే నా చెయ్యి పడిపోతోంది. నేను చదివిన ఐదో తరగతికి ఇదే ఎక్కువ. సుందరిని రాయమంటే తెలుగు అక్షరాలు చూసి చీమల బారు చూసినట్టు చూస్తుంది.

అసలు సంగతి విను. నిన్న ఎవరో బాబు మన మేడ మీదకి వచ్చి, చిన్న సుత్తితో డాబా అంతా టకటకా కొట్టుకుంటూ తిరిగాడు. "ఏటి బాబూ, ఏటి ఎతుకుతున్నారు?" అని మన భాషలోనే అనేశాను ముందు. తరవాత బెంగాలీలో అడిగాను. పలకలేదు. కిందకెళ్ళి కమిటీ నిమాయ్‌దాని అడిగితే చెప్పాడు. మన మేడకి సూరీడి కరెంటు పెడతారట. మెట్ల దీపాలూ, నీళ్ళ మోటారూ దానితోనే నడుస్తాయట. డాబా బరువు మోస్తుందో లేదో చూడటానికి సుత్తి బాబు వచ్చాడు. ఇంకా వస్తారట, ఒక్కొక్కరు ఒక్కొక్కటి తనిఖీ చేస్తారట. అన్నీ పాసయితేనే పలకలు బిగిస్తారట. ఇది నువ్వు చేసే పనే కదా, అందుకే నిన్ను అడుగుతున్నాను.

దీపాలు వస్తే సంతోషమే. చీకట్లో ఆ మెట్లెక్కి మోకాలు పగలగొట్టుకోనివాళ్ళు మన మేడలో లేరు. నా భయమల్లా నా గది గురించే. డాబా మీద ఉన్న కాపురాలు రెండే, నా గదీ, పట్టాభి టార్పాలిన్ పంచా. మీ బావ సత్యారావు పోయిన ఏడు నువ్వు నీ చేతులతో కట్టిన గది అది. పాత ఓడ విప్పిన చోటి నుంచి టేకు ద్వారబంధం భుజం మీద మోసుకొచ్చావు. "అమ్మా నాన్నా నేరని ఏడవకు అప్పా, ఇదే నీ పుట్టిల్లనుకో" అన్నావు. నిరుడు భాయ్ ఫోటా పండక్కి నీకు బొట్టు పెడదామంటే నువ్వు లాంచీ తప్పిపోయి రాకపోతే, ఇక్కడి బెంగాలీ ఆడవాళ్ళు చేసినట్టే, నీ పేరు చెప్పుకుని ఆ ద్వారబంధానికే గంధం బొట్టు పెట్టాను. ఈ ఏడైనా బొట్టు నీ నుదుటి మీద పెట్టనివ్వు. గదికి ఏమీ కాదని ఒక్క మాట రాయి, నిద్ర పడుతుంది.

నీ అప్ప,
దాలమ్మ


దీవి క్యాంపు, నామఖానా మీదుగా
4 జులై 2004

అప్పకు కూర్మయ్య నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నేనూ అప్పాయమ్మా తెగ నవ్వుకున్నాం. సుత్తి చూసి భయపడ్డావా? ఆ పని మా కంపెనీదే అప్పా! మొన్న మా ఇంజనీరు బాబు చేతిలో కాగితం మీద మన మేడ పేరు చూశాను. నా ఛాతీ ఇంత అయింది. ఇక్కడ దీవిలో ఊరూరికీ నేను ప్యానెళ్ళు బిగించాను. కిరసనాయిలు తప్ప ఎరగని ఇళ్ళల్లో దీపం వెలిగినప్పుడు ఆ ఆడవాళ్ళ మొహాలు నువ్వు చూడాలి. ఇప్పుడు మన మెట్ల మీద కూడా వెలుగుతుంది.

తనిఖీ అంటే శిక్ష కాదు. సుత్తి బాబు తరవాత నీడ బాబు వస్తాడు. ప్యానెల్ మీద అరచేయంత నీడ పడినా కరెంటు పడిపోతుంది, అందుకని ఏది ఎక్కడ నీడ వేస్తుందో చూస్తాడు. ఆ తరవాత తీగలూ బ్యాటరీలూ చూసేవాడు. ఎవరొచ్చినా కుర్చీ వేసి టీ ఇయ్యి. ఫలానా కూర్మయ్య అప్పనని నా పేరు చెప్పు. ఈ కంపెనీలో పదేళ్ళుగా రోజుకూలీ మీద చేస్తున్నాను, నన్నెరగనివాళ్ళు లేరు. ఈ ఏడు పర్మినెంట్ చేస్తామంటున్నారు కూడా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే కదా!

ఒక్కటి మాత్రం చెబుతున్నాను. ప్యానెళ్ళు వచ్చాక వాటి మీద ఎండు చేపలు ఆరబెట్టావంటే నా పరువు పోతుంది.

నీ తమ్ముడు,
కూర్మయ్య


గార్డెన్ రీచ్
25 జులై 2004

తమ్ముడు కూర్మయ్యకు అప్ప దీవెనలు.

ఎండు చేపల మాట ఎత్తావు కాబట్టి చెబుతున్నాను. నీకోసం దాచిన ఎండు సావడాలు మీ నీడ బాబుకి వేయించి పెట్టేశాను. ఇప్పుడు కూర్చుని ఏడు.

ఆయన పేరు ఘోషాల్ బాబు. బట్టతల, మెత్తని మాట. సుత్తి బాబులా కాదు, చెప్పులు గుమ్మం బయట విడిచాడు. ఆ రోజు ఆకాశమంతా మబ్బే, డాబా మీద కాకి నీడ కూడా లేదు. ఏం కొలుస్తావు బాబూ అంటే, ఎండ లేకపోయినా లెక్క కట్టొచ్చు దిది, శీతాకాలంలో మీ గది నీడ ఎంత దూరం పోతుందో ఇప్పుడే చెప్పగలను అన్నాడు. లేని నీడని కొలిచే ఉద్యోగం కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది. నువ్వు చెప్పినట్టే కుర్చీ వేశాను, టీ ఇచ్చాను, నీ పేరు చెప్పాను. పేరు వినగానే, "మన కూర్మయ్యా!" అన్నాడు, మొహం విప్పారింది. నాకు ఎంత గర్వమేసిందో.

తరవాత, "ఈ గది ఎవరిది దిది?" అని అడిగాడు. మా తమ్ముడిది, వాడే కట్టాడు, ఇది నా పుట్టిల్లు అని చెప్పాను. "అంతేనా?" అని రెండోసారి అడిగాడు. అంతే బాబూ, నేను వాడి నీడలో ఉంటున్నాను అన్నాను. రాసుకున్నాడు. పట్టాభిని కూడా అడిగాడు. వాడు చిరిగిన టార్పాలిన్ పంచకి, "నాది, నా సొంతం" అని రొమ్ము చరుచుకుని చెప్పాడు. జమీందారులా!

పోతూ పోతూ ఘోషాల్ బాబు ఎర్ర రంగుతో డాబా మీద ఒక గీత గీశాడు. మన గది పూర్తిగా గీత లోపల ఉంది, గుమ్మంలో సుందరి కుట్టుమిషనుతో సహా. గదికి హద్దు వేశాడన్నమాట. ఇంక దానిని ఎవరూ ముట్టుకోరు కదా? సుందరి మెటియాబ్రుజ్ నుంచి కొత్తగా జాకెట్లు కుట్టే పని తెచ్చుకుంది. రాత్రి నేను నిశ్చింతగా పడుకున్నాను.

నీ అప్ప,
దాలమ్మ


దీవి క్యాంపు
12 ఆగస్టు 2004

అప్పకు,

ఏం పని చేశావు? గది నాదని ఎందుకు చెప్పావు? నా పేరు చెప్పమన్నది మర్యాదగా చూస్తారని. కంపెనీ పని జరిగే చోట కంపెనీ మనిషి దొంగతనంగా గది కట్టుకున్నాడని నా మీద పడింది. ఆ ఎర్ర గీత హద్దు కాదు. దాని లోపల ఉన్నదంతా తీసెయ్యాలని గుర్తు. నీ గది నీడ శీతాకాలంలో సగం ప్యానెళ్ళ మీద పడుతుందట.

తీసేసినా దిక్కులేకుండా చెయ్యరు. డాబా మీద సొంతంగా కాపురమున్నవాళ్ళకి కింద పంపు పక్కన గదులు ఇస్తామని కమిటీ ఒప్పుకుంది. నువ్వు నాదని ఒక్క మాట అని ఉంటే ఈపాటికి నీ పేరు అందులో ఉండేది. వెంటనే నిమాయ్‌దా దగ్గరకి వెళ్ళు. పొరపాటున అన్నాను, గది నాదే అని చెప్పు. నా పేరు ఇంకెక్కడా ఎత్తకు. పర్మినెంట్ కాగితం వచ్చే సమయం ఇది, నీకు దణ్ణం పెడతాను.

నేనే వచ్చి మాట్లాడేవాణ్ణి. పోటు ఎక్కువగా ఉండి ఈ నెలలో లాంచీలు తిరగడం లేదు. చంటిదానికి దగ్గు.

కూర్మయ్య


గార్డెన్ రీచ్
30 ఆగస్టు 2004

తమ్ముడు కూర్మయ్యకు,

చంటిదానికి తులసాకు రసం తేనెలో కలిపి పట్టమని అప్పాయమ్మకి చెప్పు. దగ్గు తగ్గకపోతే లాంచీ ఉన్నా లేకపోయినా పడవ మీదైనా నామఖానా ఆసుపత్రికి తీసుకుపో.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎందుకు చెప్పావంటే ఏం చెప్పను? నువ్వు బతికుండగా, నువ్వు కట్టిన ఇంటిని నాదని ఏ నోటితో అనమన్నావు? మనవాళ్ళలో ఏ ఆడదైనా అంటుందా? పుట్టింటి చెంబునైనా మా అన్నయ్య ఇచ్చినదంటాం గానీ నాదనం. నాదన్నామంటే అక్కడ ఇచ్చేవాళ్ళు లేరని, పుట్టిల్లు గొడ్డుపోయిందని అర్థం. పరాయివాడు వచ్చి ఎవరిదని అడిగితే తమ్ముడు ఉన్నాడని చెప్పుకోవడమే నాకున్న ఒకే ఒక్క గొప్ప. ఆ గొప్పకి నువ్వు దొంగవైపోతావని నాకేం తెలుసు?

నువ్వన్నట్టే నిమాయ్‌దా దగ్గరకి వెళ్ళాను. కమిటీ ఆఫీసులో రెండు పూటలు కూర్చోబెట్టి, టీ తెప్పించి, చివరకి మాట్లాడాడు. "మాషీ, మొన్న మీ భాయ్‌దని చెప్పారు. ఇవాళ మీదంటున్నారు. రేపు ఇంకెవరిదంటారు?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నవ్వు అయ్యాక ఆయనే దారి చెప్పాడు. "గది నేనే కట్టాను, మా అప్పకి ఇచ్చేశాను, అని మీ తమ్ముడి చేత ఒక్క ముక్క రాయించి తెప్పించండి. పూజల లోపల తెస్తే పంపు పక్క గది మీకే" అన్నాడు. పట్టాభి అప్పుడే కింద గదిలో సామాను సర్దుకున్నాడు. గోడకి సున్నం కూడా వేసుకున్నాడు. టార్పాలిన్ కట్టినవాడికి ఇల్లు వచ్చింది, ఇల్లున్నదాన్ని నేను అర్జీ పెట్టుకుంటున్నాను.

కోపంతో రాయడం లేదు. తమ్ముడి దగ్గర కోపమేమిటి? నువ్వు ఒక్క ముక్క రాసి పంపు, చాలు. గది నాదని నువ్వు చెబితే అందులో సిగ్గులేదు. నేను చెబితేనే సిగ్గు.

నీ అప్ప,
దాలమ్మ


దీవి క్యాంపు
20 సెప్టెంబరు 2004

అప్పకు కూర్మయ్య నమస్కారాలు.

ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ పైనుంచి తనిఖీకి బాబులు వచ్చారు. వారం రోజులు వాళ్ళ వెంట తిరగడంతోనే సరిపోయింది. ప్యానెళ్ళు అద్దంలా తుడవాలి, బ్యాటరీల్లో నీళ్ళు చూడాలి. ఊళ్ళో ఎవడో ప్యానెల్ తీగకి అక్రమంగా టీవీ తగిలించుకుంటే దానికి కూడా నేనే సమాధానం చెప్పాలి. చంటిదానికి దగ్గు తగ్గింది, నీ తులసి రసం పనిచేసింది. అప్పాయమ్మ నిన్ను తలుచుకుంటోంది.

నువ్వడిగిన ముక్క రాయను అనడం లేదు. కానీ నేను కంపెనీ మనిషిని. ఇలాంటివి నా ఇష్టం వచ్చినట్టు రాసి ఇవ్వకూడదు, ఆఫీసు ద్వారా వెళ్ళాలి. ఆఫీసులో సమయం చూసి అడగాలి. నువ్వు తొందరపెడితే గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. పూజలయ్యేదాకా ఏ మేస్త్రీ పనిలోకి రాడు, కాబట్టి గదిని అప్పుడే ఎవరూ ముట్టుకోరు. ఒకవేళ ఏదైనా అయితే నాలుగు రోజులు ఏక్‌బాల్‌పూర్‌లో సన్యాసమ్మ పిన్ని దగ్గర ఉండు. నాలుగు రోజులే కదా. నా మీద నమ్మకముంచు.

నీ తమ్ముడు,
కూర్మయ్య


దీవి క్యాంపు
2 నవంబరు 2004

అప్పకు కోటి దణ్ణాలు!

నేను పర్మినెంట్ అయ్యాను! దసరా వెళ్ళగానే కాగితం చేతికిచ్చారు. అప్పాయమ్మ ఆ కాగితానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. కంపెనీ క్వార్టరు కూడా ఇచ్చారు. పక్కా గది, రెండు దీపాలు, ఒక ఫ్యాను. చంటిది ఫ్యాను కింద పడుకుని కేరింతలు కొడుతోంది. అమ్మా నాన్నా ఉంటే ఎంత సంతోషించేవారో. వాళ్ళ తరవాత నువ్వే కదా నాకు, అందుకే ముందు నీకు రాస్తున్నాను.

నీ నుంచి నెలన్నరగా ఉత్తరం లేదు, అలిగావా? ఆ ఒక్క ముక్క సంగతి వచ్చినప్పుడు నేనే నిమాయ్‌దాతో మాట్లాడతాను. ఇప్పుడు నాకు భయమేమీ లేదు. భాయ్ ఫోటాకి సెలవు దొరక్కపోవచ్చు. దొరికితే తప్పకుండా వస్తాను, సావడాలు దాచి ఉంచు. రాలేకపోతే మాత్రం నిరుటిలాగే మన గుమ్మానికి నా పేరుతో బొట్టు పెట్టు. అది నాకు చేరుతుంది.

నీ తమ్ముడు,
కూర్మయ్య (పర్మినెంట్!)


ఏక్‌బాల్‌పూర్, సన్యాసమ్మ ఇంటి నుంచి
16 నవంబరు 2004

కూర్మయ్యకు,

నీ ఉత్తరం గార్డెన్ రీచ్‌కి వెళ్ళి, పట్టాభి చేతిలో పడి, వాడు తెచ్చి ఇస్తే నిన్న చదివాను. ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. అబద్ధం కాదు. పదేళ్ళు నువ్వు ఎండలో కప్పులెక్కి పడిన కష్టం నాకు తెలుసు.

గుమ్మానికి బొట్టు పెట్టమన్నావు. గుమ్మం లేదు. పూజలయిన వారానికే మేస్త్రీలు వచ్చారు. నిమాయ్‌దా మంచివాడే, సామాను దించుకోవడానికి ఒక పూట గడువు ఇచ్చాడు. సుందరి కుట్టుమిషను తలకెత్తుకుని మూడంతస్తులు దిగింది. రేకులు తీశారు, గోడ పడగొట్టారు. ద్వారబంధం మాత్రం ఎంత లాగినా రాలేదు. అంత గట్టిగా బిగించావు. చివరకి రంపంతో కోశారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఎవరికి చెప్పుకోను? నీకు రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను. ముక్క రాసి పంపు అని మళ్ళీ అడగడానికి నోరు రాలేదు. నీకు తెలియక ఆలస్యమవుతోందనీ, మా తమ్ముడు ఆఫీసులో బతిమాలుతూ ఉంటాడనీ సన్యాసమ్మతో చెప్పాను. ఆవిడ ఇల్లు ఒక్కటే గది, అందులో ఐదుగురున్నారు. మేం ఇద్దరం వెళ్ళి ఏడుగురమయ్యాం. మిషను వసారాలో తడుస్తోంది.

ఇంకొకటి విను, నీ పనికి సంబంధించినది. మన గది ఉన్న చోటా, దాని నీడ పడే చోటా ఒక్క పలక కూడా పెట్టలేదు. తీరా చూస్తే అక్కడ పక్క మేడ నీళ్ళ ట్యాంకు నీడ పడుతుందట. ఖాళీగా వదిలేశారు. ఇప్పుడక్కడ పట్టాభి పావురాలకి గింజలు చల్లుతున్నాడు.

ఫోటా రోజున నువ్వు వస్తావేమోనని గంధం తీసి, చేపలు పట్టుకుని గార్డెన్ రీచ్ వెళ్ళాను. గది లేదని తెలియక నేరుగా అక్కడికే వస్తావు కదా అనుకున్నాను. మధ్యాహ్నం దాకా డాబా మీద కూర్చున్నాను. నువ్వు రాలేదు గానీ ఘోషాల్ బాబు వచ్చాడు. మర్నాడు దీపాలు వెలిగించాలట, ఆఖరి తనిఖీ. పండుగనాడు పనేమిటి బాబూ, అక్కచెల్లెళ్ళు ఎదురు చూడరా అంటే, తనకెవరూ లేరన్నాడు. ఆ ఖాళీ చోటు దాకా నడిచి వెళ్ళి చూసి వచ్చాడు. "దిది, లెక్క నాదే. ట్యాంకు సంగతి నేను ముందే చూసి ఉండాల్సింది. తప్పు నాదే" అన్నాడు.

తరవాత నీ గురించి అడిగాడు. "కూర్మయ్య ఇవాళ కూడా రాలేదా? ఆ రోజైనా మిమ్మల్ని చూసి వెళ్ళాడా?" అన్నాడు. ఏ రోజు బాబూ అన్నాను. "ఆగస్టు మొదట్లో ఇక్కడి మా ఆఫీసుకి పిలిపించాం కదా" అన్నాడు. గది నీదేనా అని అందరి ముందూ అడిగారట. నాది కాదన్నావట. అక్కడితో ఆగినా బాగుండేది. మరి ఆ ముసలామె నీ అప్పనని చెప్పింది కదా అంటే, "మా ఊరి మనిషి, అందర్నీ తమ్ముడంటుంది, నాకేం సంబంధం లేదు" అన్నావట. ఘోషాల్ బాబు నిజమనుకోలేదు. ఉద్యోగం కోసం అన్నాడులే, సాయంత్రం వెళ్ళి చెప్పుకుంటాడులే అనుకున్నాడట. ఆఫీసు ముందు ఎక్కితే బస్సు మన వీధి మొగలోనే ఆగుతుంది కూర్మయ్యా. నువ్వు ఎక్కలేదు. దీవికి తిరిగి వెళ్ళి, లాంచీలు తిరగడం లేదని నాకు రాశావు. గది నీదని ఎందుకు చెప్పానని నన్నే తిట్టావు. నీ ముక్క కోసం నేను పూజల దాకా కళ్ళు కాయలు కాచేలా చూశాను. వడ్డించేవాడు మనవాడే అన్నావు, నిజమే. విస్తరి లాగేసింది కూడా వాడే.

ఉద్యోగం పోతుందని నాతో చెప్పి ఉంటే, నేనే వెళ్ళి వాడు నాకేమీ కాడని చెప్పేదాన్ని. నీ కోసం ఆ అబద్ధం ఆడటం నాకు కష్టం కాదు. నువ్వు అడగలేదు.

ఘోషాల్ బాబు వెళ్ళబోతుంటే కూర్చోమన్నాను. గంధం తడి ఆరలేదు. ఆయన నుదుటికి బొట్టు పెట్టాను, సావడాలు పెట్టాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నా గది మీద గీత గీసింది ఆయనే, మరిచిపోలేదు. కానీ గీశానని నా ఎదురుగా నిలబడి ఒప్పుకున్నాడు. సుందరి పక్కనే ఉండి, "అది మాఁవ బొట్టు కదే అమ్మా!" అంది.

నిన్న మెట్ల మీద దీపాలు వెలిగాయట. పట్టాభి చెప్పాడు, చీమ పాకినా కనిపిస్తోందట.

చంటిదాన్ని జాగ్రత్తగా చూసుకోండి. ఇకమీదట ఎవరైనా నీకు అప్ప ఉందా అని అడిగితే తడుముకోకు. ఆఫీసులో చెప్పిన మాటే చెప్పు.

దాలమ్మ